చచ్చిన కలుపు – చావని గింజ

విజ్ఞాన వీచిక

కలుపు మందు చల్లిన పది పన్నెండు రోజులకు ఆవరణ అంతా గోధుమ రంగుకు తిరుగుతుంది. పని పూర్తయినదని కాంట్రాక్టరు బిల్లు సమర్పిస్తాడు. పర్యవేక్షణాధికారి ఒకసారి కలయజూచి సంతకం చేస్తారు. మరుసటి తొలకరికి అదే చోట, అదే జాతి కలుపు, అంతే ఒత్తుగా లేచి నిలుస్తుంది. "మందులో పస లేదు" అని కొందరు, "నీళ్ళు ఎక్కువ కలిపారు" అని కొందరు అనుకోవడం పరిపాటి. కొన్ని సందర్భాలలో ఈ మాటలు నిజమే కావచ్చు. అయితే మందు మేలైనదై, మోతాదు సరియైనదై, మొక్క మొదలంటా మాడిపోయినప్పటికీ కలుపు తిరిగి మొలవడానికి వేరొక కారణం ఉన్నది. మనం చంపినది మొక్కను మాత్రమే. ఆ మొక్క అప్పటికే రాల్చిన గింజ మన చేతికి చిక్కలేదు.

చమురు నిల్వ కేంద్రాలలో పనిచేసే మనకు, క్వార్టర్లలో నివసించే మన కుటుంబాలకు కలుపు అనేది రైతుల సమస్య మాత్రమే కాదు. కలుపు మందు గింజ తయారీని ఎంతవరకు అడ్డగించగలదు, గింజ మొలకెత్తడాన్ని ఎంతవరకు ఆపగలదు, ఏది దాని వల్ల కాదు అనే విషయాన్ని ఈ నెల బడ్జ్ బడ్జ్ నేల ఆధారంగా పరిశీలిద్దాము.

హుగ్లీ గట్టున గడ్డి

కోల్‌కతాకు దిగువన, హుగ్లీ నది తూర్పు గట్టున, దక్షిణ 24 పరగణాల జిల్లాలో బడ్జ్ బడ్జ్ ఉన్నది. పాశ్చాత్య దేశాల పర్యటన ముగించుకొని వచ్చిన స్వామి వివేకానంద 1897 ఫిబ్రవరిలో ఓడ దిగినది ఇక్కడే. 1914 సెప్టెంబరు 29న కోమగాట మారు నౌక ప్రయాణికులపై కాల్పులు జరిగినదీ ఇక్కడే. ఈ తీరం వెంట వెలసిన జనపనార మిల్లులలో శ్రీకాకుళం, గంజాం ప్రాంతాల తెలుగు కార్మికులు తరతరాలుగా చెమటోడ్చారు. కిరసనాయిలు ఓడలలో వచ్చిన కాలం నుండి ఈ ఊరు చమురు నిల్వలకు ప్రసిద్ధి. బదిలీపై విశాఖ నుండి, విజయవాడ నుండి ఇక్కడకు వచ్చిన మన తెలుగు కుటుంబాలకు మొట్టమొదట ఆశ్చర్యం కలిగించేది ఇక్కడి పచ్చదనమే.

ఆ పచ్చదనానికి కారణాలు స్పష్టం. నేల నది తెచ్చి పోసిన ఒండ్రు. సంవత్సరానికి సుమారు 1,600 మిల్లీమీటర్ల వర్షం. ఏప్రిల్, మే మాసాలలో సాయంవేళ విరుచుకుపడే కాల్‌బైశాఖి గాలివానలతో మొదలై, శరదృతువు వరకు నేలలో తడి ఆరదు. దసరా రోజులలో రెల్లు పూలు తెల్లగా ఊగుతుంటే వంగ దేశీయులు దుర్గమ్మ రాకకు అది శుభసూచకమని మురిసిపోతారు. చూచుటకు అది నిజంగా కన్నుల పండువే. కాని అదే రెల్లు చలికాలం వచ్చేసరికి ఎండి, నిప్పురవ్వ కోసం ఎదురుచూచే ఇంధనంగా మారుతుంది.

ట్యాంకు ఫారంలో ప్రతి ట్యాంకు చుట్టూ డైక్ గోడ ఉంటుంది. ట్యాంకు చిల్లుపడి చమురు కారినా ఆ గోడ దాటి పోకుండా చూచుట దాని పని. ఆ గోడ లోపల ఎండుగడ్డి పేరుకొనడం భద్రతకు విరుద్ధమని మన పరిశ్రమలో చేరిన ప్రతి ఒక్కరికీ మొదటి శిక్షణలోనే చెబుతారు. పొలాలలో ఎండుగడ్డిని తగలబెట్టుట కలదు. ఇక్కడ అది ఊహింపరాని పని. ఇనుప పార రాతికి తగిలినా రవ్వ లేస్తుంది. ఇంజనుతో నడిచే గడ్డి కోత యంత్రాన్ని పర్మిట్ లేకుండా లోపలికి తీసుకుపోరాదు. కనుకనే చేతితో పీకడం, మందు చల్లడం అనే రెండు మార్గాలే ప్రధానంగా మిగిలాయి. ఉన్న మార్గాలు తక్కువైనప్పుడు వాటిని తెలివిగా వినియోగించుకొనుట మరింత అవసరం.

నేలలోని డిపాజిట్టు

మొక్కను కంటితో చూస్తాము, గింజను చూడము. అయినా కలుపు బలమంతా నేలలో దాగిన గింజల నిల్వలోనే ఉన్నది. దీనిని మన భవిష్య నిధితో పోల్చవచ్చు. ప్రతి సంవత్సరం కొంత జమ అవుతుంది, కొంత ఖర్చవుతుంది, మిగిలినది పెరుగుతూ ఉంటుంది. మొలకెత్తిన గింజ, పురుగు తిన్న గింజ, కుళ్ళిన గింజ ఖర్చు పద్దు. రాలిన కొత్త గింజ జమ పద్దు. జమ ఆగనంతవరకు ఆ ఖాతా ఎన్నటికీ ఖాళీ కాదు.

ఆ నిల్వ ఎంతకాలం నిలుస్తుందో తెలిసికొనుటకు అమెరికాలోని మిషిగాన్‌లో విలియం జేమ్స్ బీల్ అనే వృక్షశాస్త్రవేత్త 1879లో ఒక ప్రయోగం ఆరంభించాడు. ఇరవై సీసాలలో, ఒక్కొక్కదానిలో 21 జాతుల గింజలను జాతికి యాభై చొప్పున ఇసుకతో కలిపి భూమిలో పాతిపెట్టాడు. ఆయన తరువాత తరాల వారు ఆ సీసాలను నిర్ణీత వ్యవధులలో ఒక్కొక్కటిగా తవ్వి తీస్తూ వస్తున్నారు. 2021లో పదహారవ సీసా తీసినప్పుడు, 141 సంవత్సరాలు భూమిలో ఉన్న గింజలలో ఇరవై మొలకెత్తాయి. అన్ని జాతులూ ఇంత దీర్ఘాయువులు కావు. ఆ సీసాలోనే అత్యధిక జాతులు ఎన్నడో చచ్చిపోయాయి. అయినా నేల మరచిపోయినదని మనం అనుకున్న గింజను నేల మరువదనుటకు ఇది చక్కని నిదర్శనం.

గింజ ఇంతకాలం మొలవకుండా ఎందుకు ఉంటుంది? తడి, గాలి, వెచ్చదనం ఉన్నా కొన్ని గింజలు వెలుతురు సోకితే గాని మేల్కొనవు. 1952లో అమెరికాలోని బెల్ట్స్‌విల్ పరిశోధకులు లెట్యూస్ గింజలపై ఎర్రని కాంతి ప్రసరింపజేస్తే మొలకెత్తుతాయని, దాని వెంటనే అంతకన్న ముదురైన పరారుణపు అంచు కాంతిని ప్రసరింపజేస్తే తిరిగి నిద్రపోతాయని నిరూపించారు. పచ్చని ఆకు ఎర్రని కాంతిని పీల్చుకొని ముదురు కాంతిని కిందికి వదులుతుంది. అనగా పైన ఆకు కప్పి ఉన్నంతవరకు కింది గింజకు "ఇప్పుడు లేవకు, నీకు చోటు లేదు" అన్న సందేశం అందుతూనే ఉంటుంది.

ఇక్కడే మనం గ్రహింపవలసిన మొదటి సత్యం ఉన్నది. మందు చల్లి పై మొక్కను మాడ్చగానే ఆ ఆకుల కప్పు తొలగిపోతుంది. ఎండ నేరుగా నేలను తాకుతుంది. నిద్రలో ఉన్న గింజలకు మేలుకొలుపు పాడినది మన పిచికారీయే! ఆ తరువాత వచ్చే తొలి జల్లుతో కొత్త మొలకల దండు లేస్తుంది. ఇది మందు వైఫల్యం కాదు. మందు పని చేసినందుననే ఇలా జరుగుతుంది. కనుక మొదటి పిచికారీతో పని ముగిసినదనుకొనుట పొరపాటు. లేచిన ఈ దండును పూతకు రాకముందే పట్టుకొంటే అది మన లాభం. నేలలోని నిల్వ ఖర్చయినట్లే. వదిలివేస్తే అసలుకు వడ్డీ కూడా చేరుతుంది.

మందులు – వాటి తీరులు

కలుపు మందులన్నీ ఒకే తీరున పని చేయవు. గింజ దృష్టితో చూస్తే వాటిని మూడు తెగలుగా విభజింపవచ్చు.

మొదటి తెగ, మొలకకు ముందే నేలపై చల్లేవి. మన ఊళ్ళలో వరి నాట్లు వేసిన మూడు నుండి అయిదు రోజులలో బ్యూటాక్లోర్‌ను ఇసుకలో కలిపి చల్లడం చాలామంది ఎరిగినదే. మొక్కజొన్నలో అట్రజిన్, పత్తిలో, వేరుశనగలో పెండిమిథాలిన్ ఇటువంటివే. ఇవి గింజను చంపుతాయని సామాన్యంగా అనుకొంటారు. నిజానికి నిద్రిస్తున్న గింజను ఇవి ఏమీ చేయజాలవు. గింజ మేల్కొని, వేరు, మొలక చాచినప్పుడే వీటి ప్రభావం మొదలవుతుంది. పెండిమిథాలిన్ మొలక వేరు కొనలో కణ విభజనను నిలిపివేస్తుంది. అట్రజిన్ విషయంలో గింజ మొలకెత్తుతుంది, పచ్చని ఆకు కూడా వేస్తుంది. ఆ ఆకు ఎండ నుండి ఆహారం తయారుచేసికొనలేక మాడిపోతుంది. మందు శక్తి నేలలో నిలిచి ఉన్న కొన్ని వారాలలో లేచినవి చస్తాయి. ఆ తరువాత లేచినవి బ్రతుకుతాయి. నిద్రలో ఉన్నవి నిద్రలోనే ఉంటాయి.

రెండవ తెగ, ఆకుపై పడి మొక్క అంతటా ప్రాకేవి. గ్లైఫోసేట్ వీటిలో ప్రసిద్ధం. ఆకులో తయారైన చక్కెర ఎటు ప్రవహిస్తే ఈ మందు అటు ప్రయాణిస్తుంది. లేత మొక్కలో ఆ ప్రవాహం వేరు కొనలకు, చిగుళ్ళకు పోతుంది. పూత దశలో అధిక భాగం పూలకు, పాలు పోసుకొంటున్న గింజకు పోతుంది. అందువలన పూత సమయంలో ఈ మందు పడితే గింజల సంఖ్య తగ్గుతుంది. ఏర్పడినవి తేలికగా, తాలుగా ఉంటాయి. మొలకెత్తే శక్తి క్షీణిస్తుంది. మొలిచినా మొలక నీరసంగా ఉంటుంది. కాని గింజ గట్టిపడిన తరువాత తల్లి మొక్కకు, గింజకు మధ్య దారి మూసుకొనిపోతుంది. చక్కెర పోని చోటికి మందు కూడా పోదు. అప్పుడు చల్లితే తల్లి చస్తుంది, బిడ్డ క్షేమంగా నేల రాలుతుంది. ఈ మందుకు నేలలో పని లేదు. బంకమట్టి దానిని పట్టి ఉంచుతుంది గనుక నేలలోని గింజలకు దాని సెగ తగలదు.

మూడవ తెగ, తగిలిన చోటనే మాడ్చేవి. పారాక్వాట్ ఇటువంటిది. మంచి ఎండలో ఒకటి రెండు రోజులలోనే ఆకు మాడిపోతుంది. చూచేవారికి ఇంతకన్న సంతృప్తికరమైన మందు వేరొకటి లేదు. కాని ఇది మొక్కలో ప్రయాణించదు. వేరు నుండి తిరిగి చిగురించే అవకాశం ఉన్నది. సగం ముదిరిన గింజలు ఎండిన కాడపైననే పండి రాలే ప్రమాదమూ ఉన్నది. కంటికి కనిపించే గోధుమ రంగును చూచి పనిని అంచనా వేయరాదనుటకు ఇదే కారణం.

వీటికి తోడు 2,4-డి, డైకాంబా, పిక్లోరామ్ వంటి హార్మోను రకపు మందులు ఉన్నాయి. ఇవి సాధారణంగా వెడల్పాకు కలుపును చంపుతాయి, గడ్డి జాతిని చంపవు. అయితే అమెరికాలోని మోంటానా ప్రాంతంలో జరిగి, 2010లో ప్రచురితమైన పరిశోధనలో ఒక విచిత్రం వెల్లడైనది. పిక్లోరామ్ వంటి కొన్ని మందులను పచ్చిక బయళ్ళను ఆక్రమించిన గడ్డిపై తగిన దశలో చల్లితే గడ్డి చావలేదు. వెన్ను కూడా తీసింది. కాని గింజలు చాలావరకు గొడ్డుపోయాయి. మొక్కను చంపకుండానే దాని సంతానాన్ని అరికట్టవచ్చునన్న మాట. ఆస్ట్రేలియా రైతులు పచ్చిక బయళ్ళలో రైగ్రాస్ గడ్డి పూత దశలో తక్కువ మోతాదు మందు చల్లి గింజ పట్టకుండా చేయడం చాలాకాలంగా అనుసరిస్తున్నారు. ఈ రెండు ఉదాహరణల సారాంశం ఒక్కటే. ఏ మందు అనే ప్రశ్న ఎంత ముఖ్యమో, ఏ రోజు అనే ప్రశ్న అంతకన్న ముఖ్యం.

వయ్యారిభామ పంచాంగం

వయ్యారిభామ అని మనం పిలిచే పార్థీనియం పేరుకు మాత్రమే సుకుమారి. 1950ల మధ్యకాలంలో పుణెలో కనిపించిన ఈ మొక్క దేశమంతటా వ్యాపించింది. దీని స్పర్శ వలన చర్మంపై దద్దుర్లు, దీని పుప్పొడి వలన జలుబు, ఉబ్బసం కలుగుతాయి. మన క్వార్టర్లలోని పిల్లలకు ఎడతెగని తుమ్ములకు పెరటి గోడ వెనుక పెరిగిన ఈ మొక్క కారణం కావచ్చు.

ఒక బలమైన వయ్యారిభామ మొక్క పది వేల నుండి ఇరవై అయిదు వేల వరకు గింజలు వేయగలదు. మొలిచిన నాలుగు నుండి ఆరు వారాలలోనే పూతకు వస్తుంది. నేల పైభాగాన పడిన గింజలు త్వరగానే మొలవడమో, చావడమో జరుగుతుంది. అంగుళం, రెండు అంగుళాల లోతున పూడుకున్న గింజలు మాత్రం ఏళ్ళ తరబడి ప్రాణంతో ఉంటాయి. కనుక గింజ రాలిన నేలను పారతో తిరగవేయుట దానిని బీరువాలో భద్రపరచినట్లే. మరుసారి తవ్వినప్పుడు అదే గింజ వెలుతురులోకి వస్తుంది.

ఈ లెక్కను బడ్జ్ బడ్జ్ ఋతువులకు అన్వయించి చూద్దాము. కాల్‌బైశాఖి జల్లులు పడిన వెంటనే, ఏప్రిల్, మే మాసాలలో మొదటి దండు మొలుస్తుంది. జూన్‌లో రుతుపవనాలతో రెండవ దండు. వర్షాలు వెనుకబట్టిన అక్టోబరు, నవంబరు మాసాలలో మిగిలిన తడికి మూడవ దండు. ప్రతి దండుకూ మొలిచిన మూడు వారాలలోగా మన చేయి పడాలి. అప్పటికి మొక్క జానెడు ఎత్తు మించదు, పూమొగ్గ ఉండదు, తక్కువ మందుతోనే చస్తుంది. "మొక్కై వంగనిది మానై వంగునా" అన్న సామెత కలుపు విషయంలో అక్షరాలా వర్తిస్తుంది. దీనికి భిన్నంగా పండుగ ముందు శుభ్రత పేరిట, సంవత్సరానికి ఒక్కసారి, వర్షాలు వెళ్ళిన తరువాత నడుము ఎత్తు పెరిగిన మొక్కపై మందు చల్లితే ఆ ఖర్చు చాలావరకు నిష్ఫలం. మొదటి రెండు దండుల గింజలు అప్పటికే నేల చేరి ఉంటాయి.

రెల్లు, తుంగ వంటి వాటి లెక్క వేరు. వాటికి గింజతో పాటు నేలలో వేరు దుంపలు, గడ్డలు ఉన్నాయి. తుంగ ముఖ్యంగా గడ్డల ద్వారానే విస్తరిస్తుంది గనుక దాని గింజను గూర్చి చింతించుట కన్న గడ్డను గూర్చి చింతించుటే మేలు. ఇటువంటి వాటికి మోకాలెత్తు లోపు, ఏపుగా పెరుగుతున్న దశలో ప్రాకే మందు అవసరం. మాడ్చే మందు పైపై పూత మాత్రమే అవుతుంది. రెల్లు విషయంలో తెల్లని కంకి విచ్చుకొనక ముందే పని ముగియాలి. విచ్చుకొన్న తరువాత గాలి దాని గింజను డైక్ గోడలు దాటించి ఎక్కడెక్కడికో మోసుకొనిపోతుంది.

చెరువులలో గుర్రపుడెక్క

వంగ దేశానికి, కలుపుకు మధ్య పాత వైరాన్ని తలచినప్పుడు గుర్రపుడెక్కను మరువలేము. లేత ఊదారంగు పూల అందానికి ముచ్చటపడి తెచ్చిన ఈ మొక్క ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దాలలో బెంగాల్ కాలువలను, వరి పొలాలను కమ్మివేసింది. దీనిని అరికట్టు మార్గాలను పరిశీలించుటకు 1921లో నియమించిన కమిటీకి సర్ జగదీశ్ చంద్ర బోస్ అధ్యక్షత వహించారు. 1936లో బెంగాల్ ప్రభుత్వం దీనికోసం ప్రత్యేకంగా ఒక చట్టమే తెచ్చింది. తన స్థలంలోని గుర్రపుడెక్కను తొలగించుట ఆ స్థలదారుని బాధ్యత అని ఆ చట్టం నిర్దేశించింది.

ఇంత పోరాటం జరిగినా అది నేటికీ ఖాళ్ళలో, చెరువులలో తేలుతూనే ఉన్నది. తేలే మొక్క పిలకలతో పెరుగుటను అందరూ చూస్తారు. దాని గింజను గమనించేవారు తక్కువ. పూత ముగియగానే దాని పూకాడ వంగి నీటిలోకి మునుగుతుంది. కాయ నీటిలోనే పగిలి, గింజలు అడుగు బురదకు చేరుతాయి. అక్కడ అవి పదిహేను, ఇరవై సంవత్సరాల వరకు ప్రాణంతో ఉండగలవు. వేసవిలో నీరు తగ్గి బురద బయటపడి ఎండ తగిలినప్పుడు మొలకెత్తుతాయి. 2,4-డి వంటి మందు చల్లితే తేలే మొక్క మాడి మునుగుతుంది. పై కప్పు తొలగి అడుగుకు వెలుతురు చేరుతుంది. కుళ్ళిన మొక్క నీటిలోని ప్రాణవాయువును హరించి చేపలకు చేటు తెస్తుంది. బురదలోని గింజకు మాత్రం ఏ హానీ కలుగదు. కనుక క్వార్టర్ల చెరువులో గుర్రపుడెక్కను పూతకు ముందే మనుషుల చేత తీయించి, గట్టున ఎండబెట్టుటే మేలు. ఆ మరు వేసవిలో గట్టు వెంబడి లేచే చిన్న మొలకలను పీకించుట మరువరాదు.

మిగిలిన గింజ చెప్పే గుణపాఠం

గింజ మరొక భారాన్ని కూడా మోస్తుంది. పంజాబు, హర్యానా గోధుమ పొలాలలో గుల్లీ దండా అని పిలిచే గడ్డిని చంపుటకు ఐసోప్రోటురాన్ అనే మందును ఏళ్ళ తరబడి వాడారు. 1990ల ఆరంభానికి ఆ మందుకు చావని గుల్లీ దండా అక్కడ బయటపడింది. కోట్ల మొక్కలలో స్వభావసిద్ధంగా మందును తట్టుకొనగల కొన్ని ఎల్లప్పుడూ ఉంటాయి. ఒకే మందును పదేపదే చల్లితే మిగిలినవన్నీ చచ్చి, వాటి గింజలే నేల నిండా నిలుస్తాయి. మోతాదు తగ్గించి "పొదుపు" చేసినా ఇదే ఫలితం. మందు చల్లిన పది రోజుల తరువాత ఇంకా పచ్చగా నిలిచిన నాలుగు మొక్కలను చేతితో పీకి వేయుట చిన్న పనిలా కనిపిస్తుంది. నిజానికి అత్యంత విలువైన పని అదే.

గింజను నిద్రలేపి చంపే ఉపాయం కూడా ఒకటి ఉన్నది. జొన్న, మొక్కజొన్న వేళ్ళను అంటిపెట్టుకొని బ్రతికే స్ట్రైగా అనే పరాన్న కలుపు అమెరికాలోని కరొలైనా రాష్ట్రాలలో 1956లో బయటపడింది. అక్కడి వారు నేలలోకి ఇథిలీన్ వాయువును ఎక్కించి, ఆశ్రయమిచ్చే పైరు లేని సమయంలో దాని గింజలను మొలిపించారు. మొలిచిన గింజకు తగులుకొనుటకు వేరు దొరకక ఎండిపోయింది. మన ఆవరణలో వాయువుతో పని లేదు. వర్షాలకు ముందు ఒకసారి నీరు చిలకరించి, మొలిచిన దండును వెంటనే తొలగించుట ఇదే సూత్రానికి సులభమైన ఆచరణ.

నీరు, నది, మనిషి

బడ్జ్ బడ్జ్‌లో మందు చల్లేవారు గమనింపవలసిన స్థానిక విషయాలు కొన్ని ఉన్నాయి. హుగ్లీ నీటిలో ఒండ్రు ఎక్కువ. గ్లైఫోసేట్, పారాక్వాట్ రెండూ మట్టి రేణువులకు అంటుకొని నిర్వీర్యమవుతాయి. బురదనీటిలో కలిపిన మందు డబ్బాలోనే సగం చచ్చినట్లు లెక్క. తేరిన శుభ్రమైన నీటినే వాడవలెను. మందు పడిన తరువాత కొన్ని గంటలపాటు వాన రాకూడదు గనుక మబ్బు పట్టిన మధ్యాహ్నం ఈ పని పెట్టుకొనరాదు. వానకు కొట్టుకొనిపోయిన మందు మురుగు కాలువ గుండా నదికే చేరుతుంది. నేలలో దీర్ఘకాలం నిలిచే మందులను నది ఒడ్డున మరింత ఆచితూచి వాడవలెను. ఉప్పునీటి పిచికారీ వయ్యారిభామను మాడ్చుతుంది గాని, ఉక్కు ట్యాంకులు, పైపులు ఉన్న చోట ఉప్పు తుప్పుకు ఆహ్వానం పలుకుతుంది.

అన్నింటికన్న ముఖ్యం మందు చల్లే మనిషి. పారాక్వాట్ కడుపులోకి పోతే దానికి విరుగుడు లేదు. గ్లైఫోసేట్ మనుషులలో క్యాన్సర్ కలిగించే అవకాశం గలదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధనా విభాగం 2015లో వర్గీకరించింది. అమెరికా పర్యావరణ సంస్థ దానితో ఏకీభవించలేదు. మన దేశంలో 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన ఉత్తర్వు గ్లైఫోసేట్‌ను శిక్షణ పొందిన పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారానే వాడవలెనని నిర్దేశించింది. వాద వివాదాలు ఎట్లున్నప్పటికీ చేతి తొడుగులు, ముసుగు, బూట్లు లేకుండా ఏ కార్మికునీ పంపుకు తగిలించరాదు. అతడు మన జీతాల పట్టీలో లేకపోవచ్చు. మన ఆవరణలో ఉన్నంతవరకు అతని క్షేమం మన బాధ్యతే. ఖాళీ డబ్బాలు ఇంటికి తీసుకుపోయి నీళ్ళు పట్టుకొనుటను తప్పక నివారింపవలెను.

కుటుంబ సభ్యులు చేయగల పని

క్వార్టర్ల పరిసరాలలో మందు అవసరమే లేదు. జబల్‌పూరులోని కలుపు పరిశోధనా సంస్థ పిలుపుపై ఏటా ఆగస్టు 16 నుండి 22 వరకు పార్థీనియం అవగాహనా వారోత్సవం జరుపుతారు. ఆ వారంలో వాన తడికి నేల మెత్తగా ఉంటుంది. మొక్క వేరుతో సహా వస్తుంది. తొడుగులు వేసికొని, ముక్కుకు గుడ్డ కట్టుకొని, పూత లేని మొక్కలను పీకి కుప్ప వేసి ఎరువుగా కుళ్ళబెట్టవచ్చు. పూత వచ్చినవాటిని ఎరువు గుంటలో వేయరాదు. గింజ ఆ ఎరువుతో పాటు మీ గులాబీ కుండీలోకే చేరుతుంది. ఉబ్బసం ఉన్నవారు ఈ పనికి దూరంగా ఉండాలి. ప్రహరీ వెలుపల తగిరిస గింజలు వేసవి చివర చల్లితే ఆ మొక్కలు వయ్యారిభామను ఎదగనీయవు. దాని ఆకును తినే మెక్సికో పెంకుపురుగులను 1984లో బెంగళూరు ప్రాంతంలో మొదట వదిలారు. వర్షాకాలంలో ఆకుపై చారల పురుగు కనిపిస్తే దానిని చంపకుండుట మంచిది.

పిల్లలకు సెలవులలో ఒక ప్రయోగం సూచిస్తాము. మందు చల్లని పెరటి మట్టిని రెండు పళ్ళేలలో పలుచగా పరచండి. రెండింటికీ సమంగా నీళ్ళు చిలకరించండి. ఒకదానిని ఎండ తగిలే కిటికీలో ఉంచి, రెండవదానిపై నల్లని గుడ్డ కప్పండి. రెండు వారాలపాటు మొలకలను లెక్కించి పుస్తకంలో వ్రాయండి. విత్తనం వేయని మట్టిలో ఇన్ని మొలకలు ఎక్కడివని పిల్లలు అడిగే ప్రశ్నకు ఈ వ్యాసమంతా సమాధానమే.

పని ఉత్తర్వులో చేయదగిన మార్పు

మన కలుపు నివారణ పని ఉత్తర్వులలో ఎన్ని చదరపు మీటర్లు, ఎన్ని లీటర్లు అని వ్రాయుట ఆనవాయితీ. వాటికి తోడు మూడు మాటలు చేర్చవలెనని మా సూచన. ఒకటి, పిచికారీ తేదీలను క్యాలెండరు ప్రకారం కాక వాన ప్రకారం నిర్ణయించవలెను. తొలి జల్లు తరువాత మూడు వారాలలోగా పని జరగాలి. రెండు, ఒక పిచికారీకి బదులు రెండవ దండుకు, మూడవ దండుకు విడివిడిగా సందర్శన ఉండాలి. మిగిలిన మొక్కలను చేతితో పీకుట అందులో భాగం కావాలి. మూడు, బిల్లుపై సంతకానికి ముందు చూడవలసినది ఆకు రంగును కాదు. పూత, కాయ ఉన్న మొక్క ఎక్కడైనా మిగిలినదా అన్నదే.

మొదటి సంవత్సరం ఈ పద్ధతికి ఖర్చు కొంత పెరగవచ్చు. గింజ రాలనీయని ప్రతి సంవత్సరం నేలలోని పాత నిల్వ తరుగుతుంది, మందు అవసరం తగ్గుతుంది, పంపు భుజాన వేసుకొనే కార్మికుడు విషానికి ఎదురయ్యే రోజులు తగ్గుతాయి, చలికాలంలో ట్యాంకుల చెంత ఎండుగడ్డి ఉండదు. చమురు నడుమ పనిచేసే వారికి అంతకు మించిన ప్రయోజనం వేరే చెప్పనక్కరలేదు. ఈ సంవత్సరం తొలి కాల్‌బైశాఖి వీచిన రోజున ఎవరైనా ఒకరు తేదీని గోడ క్యాలెండరుపై గుర్తించి, దాని నుండి ఇరవై ఒక్క రోజులు లెక్కించుటతో ఈ పనికి శ్రీకారం చుట్టవచ్చు.